భూమి రికార్డులో పేరు మారిపోయింది: నేరుగా హైకోర్టులో రిట్ వేయవచ్చా?

ప్రశ్న (శ్రీకాకుళం జిల్లా రైతు కుటుంబం):
వంశధార ఎడమ కాలువ కింద మాకు ఎకరా ఇరవై సెంట్ల పల్లపు భూమి ఉంది. నాన్నగారి పేరున పట్టాదారు పాసు పుస్తకం ఉంది, ముప్పై ఏళ్లుగా సాగు మాదే. పంట రుణం రెన్యువల్ కోసం మొన్న 1బి (భూమి ఎవరి పేరున ఉందో చూపే రెవెన్యూ రికార్డు) తీయిస్తే, ఆ సర్వే నంబరులో మా దూరపు బంధువు పేరు కనిపించింది. మాకు నోటీసు రాలేదు. తహసీల్దారు కార్యాలయంలో అడిగితే ఆర్డరు ఉందన్నారు గాని చూపలేదు. నాన్నగారికి డెబ్బై దాటాయి. ఆ 1బి కాగితాన్ని చొక్కా జేబులో పెట్టుకుని, గంటకోసారి మడత విప్పి చూసుకుంటున్నారు. కింద తిరగడం దండగ, హైకోర్టుకే వెళ్లండని ఊళ్లో పెద్దలు అంటున్నారు. వెళ్లవచ్చా?

జవాబు 1 (న్యాయవాది, శ్రీకాకుళం):
వెళ్లవచ్చు. అయితే రాజ్యాంగం 226వ అధికరణం కింద, అంటే అధికారుల చర్యను సవాలు చేస్తూ వేసే రిట్ పిటిషన్‌లో, ఇచ్చే ఉపశమనం హైకోర్టు విచక్షణకు లోబడినది. 1971 నాటి పట్టాదారు పాసు పుస్తకాల చట్టం సెక్షన్ 5(5) కింద ఆర్డరు అందిన అరవై రోజుల్లో ఆర్డీవోకు అప్పీలు చేసుకునే దారి ఉంది కాబట్టి, ముందు అక్కడికి వెళ్లమని చెప్పి పంపడమే మామూలు. ప్రాథమిక హక్కుల ఉల్లంఘన, సహజ న్యాయ సూత్రాలను (నోటీసు ఇచ్చి, మాట విన్నాకే నిర్ణయించడం) పాటించకపోవడం, అధికార పరిధి లేకపోవడం, చట్టం చెల్లుబాటునే ప్రశ్నించడం: ఈ సందర్భాల్లో అప్పీలు దారి ఉన్నా రిట్ వినవచ్చని 1998లో వర్ల్‌పూల్ కార్పొరేషన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

నోటీసు లేకుండా పేరు మార్చారన్నదే మీ బలం. భూమి ఎవరిదో తేల్చమని మాత్రం అడగవద్దు, సాక్ష్యం కావలసిన ఆ తగవు సివిల్ కోర్టుది. మ్యుటేషన్ (రికార్డులో పేరు మార్పు) రద్దు చేసి, మా మాట విని మళ్లీ నిర్ణయించమని అడగండి, అంతే. ముందుగా ఆర్డరు సర్టిఫైడ్ నకలుకు అర్జీ పెట్టి, రసీదు దాచుకోండి.

జవాబు 2 (బొబ్బిలి):
మా అనుభవం చెబుతాను. అదే భూమి మీద అప్పటికే సివిల్ దావా నడుస్తున్న సంగతి మేము అఫిడవిట్‌లో రాయలేదు. అవతలి వారు కౌంటరులో (తమ జవాబు అఫిడవిట్‌లో) దాన్ని బయటపెట్టగానే మా పిటిషన్ కొట్టేశారు, మిగతా విషయంలోకి వెళ్లనే లేదు. తప్పు మాదే. మీకు అనుకూలం కాని కాగితం కూడా వకీలు గారి ముందు పెట్టండి. ఆలస్యం కూడా చేయకండి, ఎందుకు ఆగారన్నది అక్కడ మొదటి ప్రశ్న అవుతుంది. మన హైకోర్టు అమరావతిలో ఉంది. ఖర్చు భారమైతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో అడగండి, మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు, ఆదాయం తక్కువ ఉన్నవారికి ఉచితంగా న్యాయవాదిని ఇస్తారు.

ప్రశ్న అడిగినవారు:
బొబ్బిలి వారి మాట చదివాక నిన్న రాత్రి నాన్నగారిని నిదానంగా అడిగాను. నిరుడు వరి కోతల రోజుల్లో రిజిస్టర్డు కవరు ఒకటి వస్తే, బ్యాంకు అప్పు నోటీసేమోనని భయపడి తీసుకోకుండా తిప్పి పంపేశారట.

జవాబు 1 (న్యాయవాది, శ్రీకాకుళం):
అడిగి మంచి పని చేశారమ్మా. సరైన చిరునామాకు వచ్చిన రిజిస్టర్డు కవరును వద్దని తిప్పి పంపితే అందినట్టే భావిస్తారు. ఆ కవరు తహసీల్దారు నోటీసే అయితే నోటీసు లేదన్న వాదన నిలవదు. అందుకే ఇప్పుడు రిట్ వద్దు. నకలు రాగానే ఆర్డీవో దగ్గర అప్పీలు వేసి, ఆలస్యాన్ని మన్నించమనే అర్జీలో కవరు సంగతి ఉన్నదున్నట్టు రాయండి. సోమవారం పాసు పుస్తకం, పాత అడంగల్ (ఏటా సాగు వివరాలు రాసే రికార్డు) నకళ్లు, నీటి తీరువా రసీదులు తీసుకుని నాన్నగారితో రండి.