పవర్ తగ్గించే లేసర్ చికిత్స: కళ్ళజోడు వదిలించుకోవడానికి ఇంత ముప్పు తీసుకోవచ్చునా?

రాయగడ నుంచి ఒక తండ్రి:
మా అమ్మాయికి ఇరవై ఒకటో ఏడు నడుస్తోంది. రెండు కళ్ళకూ మైనస్ అయిదు పవర్ ఉంది. సంబంధాలు చూస్తున్నాం, పార్వతీపురం వైపు నుంచి వచ్చినవారు జాతకం కన్నా ముందు కళ్ళజోడు సంగతి అడిగారు. విశాఖపట్నంలో లేసర్ చేయిస్తే పది నిమిషాల్లో అయిపోతుందనీ, దుష్ప్రభావాలేమీ ఉండవనీ మా బావమరిది అంటున్నాడు. అమ్మాయి రైల్వే పరీక్షలకు కూడా చదువుతోంది. ఆ మాట నమ్మవచ్చునా?

బరంపురం ఉపాధ్యాయిని:
నమ్మకండి అన్నగారూ. అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఇతర సంస్థలతో కలిసి చేయించిన అధ్యయనంలో, ఆపరేషన్‌కు ముందు చూపులో ఏ ఇబ్బందీ లేనివారిలో 46 శాతం దాకా మూడు నెలల తరువాత ఏదో ఒక కొత్త ఇబ్బంది చెప్పారు. దీపాల చుట్టూ వలయాలు, వెలుగు చిమ్మినట్టు కనబడడం, నీడబొమ్మలు వంటివి ఇందులోకి వస్తాయి. కళ్ళు పొడిబారడం అసలు లేనివారిలో 30 శాతం వరకు ఆ బాధ మొదలైందన్నారు. కళ్ళజోడు పెట్టుకుంటే బాగా కనబడే ఆరోగ్యమైన కంటికి, పెళ్ళిచూపుల కోసం, వెనక్కి తీసుకోలేని కోత పెట్టించడం నాకు అన్యాయంగా తోస్తోంది.

గుణుపురం మందుల దుకాణదారు:
అమ్మా, అదే అధ్యయనంలో 95 శాతానికి పైగా తమ చూపుతో తృప్తిగా ఉన్నామన్నారు. రోజువారీ పనులకు తీవ్రమైన అడ్డంకి ఏర్పడినవారు ఒక శాతం లోపే. నేను స్వయంగా చేయించుకున్నవాడిని. మొదటి శీతాకాలమంతా జేబులో కన్నీటి చుక్కల సీసా లేకుండా బయటికి వెళ్ళలేదు, రాత్రి ఎదురుగా వచ్చే లారీ దీపాలు పూలలా విచ్చుకునేవి. తరువాత రెండూ తగ్గిపోయాయి. కాంటాక్ట్ లెన్సులు శుభ్రంగా వాడనివారికి కంటికి పుండు పడే ప్రమాదం కూడా చిన్నదేమీ కాదు, దాన్ని మాత్రం ఎవరూ లెక్కలోకి తీసుకోరు.

పర్లాకిమిడి నేత్రపరీక్షకుడు:
ఇద్దరూ సగటు మనిషి గురించి మాట్లాడుతున్నారు. ముప్పు ఎంతన్నది ఎక్కువగా ఆ కన్ను ఎలాంటిదన్న దాని మీదే ఆధారపడుతుంది.

లేసిక్ అనే ఈ లేసర్ చికిత్సలో కార్నియా, అంటే కంటి ముందుండే పారదర్శకమైన పొర, పైభాగాన్ని సుమారు 110 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) మందంతో మూతలా లేపి, కింది భాగాన్ని ఎక్సైమర్ లేసర్‌తో చెక్కి, కుట్లు లేకుండా మూతను సర్దేస్తారు. ఆ కోతలో సన్నని నరాలు తెగుతాయి, వాటి సంకేతం తగ్గడంతో కన్నీరు తక్కువగా ఊరుతుంది. ఎక్కువ మందిలో ఆరు నెలల నుంచి ఏడాది లోపు సర్దుకుంటుంది, కొందరిలో సర్దుకోదు. మైనస్ అయిదుకు దాదాపు 70 మైక్రాన్లు చెక్కవలసి వస్తుంది. కార్నియా మందం 540 ఉంటే మూత కింద 360 మిగులుతాయి. మందం 480 మాత్రమే ఉంటే మిగిలేది 300, అక్కడే చాలామంది వైద్యులు ఆలోచనలో పడతారు.

అంతకన్నా ముఖ్యమైనది కార్నియా ఆకారం. కంప్యూటరు తీసే రంగుల పటంలో కార్నియా కింది భాగం ఒక పక్కగా ఎర్రబడి కనిపిస్తే, అది శంకువులా సాగే జబ్బుకు తొలి సూచన కావచ్చు. అటువంటి కంటికి లేసిక్ చేస్తే తరువాతి సంవత్సరాల్లో కార్నియా ముందుకు ఉబ్బి, కళ్ళజోడు కూడా సరిచేయలేని చూపు మిగలవచ్చు. అరుదే, కానీ అన్నిటికన్నా భయపడవలసినది ఇదే. అమ్మాయికి కళ్ళు నులుముకునే అలవాటు ఉందా? గత ఏడాదిలో పవర్ మారిందా? మెత్తని లెన్సులు వాడుతుంటే కొలతలకు కనీసం రెండు వారాల ముందు ఆపాలి. మూత లేకుండా చేసే పీఆర్‌కే, స్మైల్ పద్ధతులూ ఉన్నాయి, వాటి ఇబ్బందులు వాటికున్నాయి.

రైల్వే సంగతి వేరు. లేసిక్ చేయించుకున్నవారు అసిస్టెంట్ లోకో పైలట్ పోస్టుకు అనర్హులు. ఆ పోస్టుకు అద్దాలు లేకుండానే పూర్తి చూపు ఉండాలి కనుక మైనస్ అయిదుతోనూ రాదు. గుమాస్తా ఉద్యోగాలకు అద్దాలు అడ్డు కావు.

బరంపురం ఉపాధ్యాయిని:
పరీక్షలు అంత జాగ్రత్తగా జరిగే చోట నా అభ్యంతరం తగ్గుతుంది, పోదు. మూత కింద వాపు వచ్చినా, కనురెప్ప తగిలి మూత ముడతపడినా గంటల్లో డాక్టరు చూడాలి. రాయగడ నుంచి విశాఖకు రైలులో నాలుగైదు గంటలు. రాత్రి పదింటికి కన్ను మంటెత్తితే ఏ బండి ఎక్కాలి?

గుణుపురం మందుల దుకాణదారు:
ఆ మాటకు జవాబు ఉంది. మొదటి వారం విశాఖలోనే బంధువుల ఇంట్లో ఉండాలి, నేనూ అలాగే ఉన్నాను. అంగీకార పత్రం అక్కడ ఇంగ్లీషులోనే ఇచ్చారు. ఒడియా బడిలో చదివిన మావంటివారికి ఇంగ్లీషు సరిగా రాదు, తెలుగు మాట్లాడతాం కానీ చదవలేం. కౌన్సెలర్‌ను పక్కన కూర్చోబెట్టుకుని ప్రతి పంక్తీ చెప్పించుకున్నాకే సంతకం పెట్టండి.

పర్లాకిమిడి నేత్రపరీక్షకుడు:
ఆపరేషన్‌కు ముందటి కొలతల కాగితాలు ఇంట్లో దాచండి. యాభై, అరవై ఏళ్ళకు శుక్లాల ఆపరేషన్ చేసేటప్పుడు లోపల పెట్టే లెన్సు పవర్ లెక్కకు అవి అక్కరకొస్తాయి. చెక్కిన కార్నియాతో మామూలు లెక్క తప్పుతుంది. లేసర్ వల్ల కార్నియా పలచబడితే కంటి ఒత్తిడి కూడా తక్కువగా చూపిస్తుంది. నలభై దాటితే చత్వారం ఎలాగూ వస్తుంది.

రాయగడ నుంచి ఒక తండ్రి:
అమ్మాయికి చిన్నప్పటి నుంచీ దుమ్ము పడదు, కళ్ళు నులుముకుంటుంది. పవర్ కూడా పోయిన ఏడాది అర మారింది. ఈ ఏడాది కేవలం ఆ రంగుల పటం తీయించి, కళ్ళ దురదకు మందు వాడిస్తాం. పార్వతీపురం వారికి కళ్ళజోడు ఉన్న ఫోటోనే పంపమని అమ్మాయి చెప్పింది.