గెస్ హూ: నంబర్ వన్ పాట ఉన్న నెలలోనే గిటారిస్టు ఎందుకు పోయినాడు?

అనంత_బేస్ (అనంతపురం)
కాలేజీ ఫెస్టులో కెనడా రాక్ బ్యాండు ‘ది గెస్ హూ’ పాట ‘అమెరికన్ వుమన్’ వాయించాల. పాటకు ముందు బ్యాండు గురించి రెండు నిమిషాలు మాట్లాడాల. చదివేకొద్దీ గందరగోళం ఎక్కువైతాంది. 1970 మేలో అమెరికాలో మొదటి స్థానం, అదే నెలలో గిటారిస్టు ర్యాండీ బాక్మన్ బయటికి. 1975లో బ్యాండు మూత. మరి ఆ తర్వాత అదే పేరుతో కచేరీలు ఎట్ల జరిగినాయి? కెనడా ప్రభుత్వం రేడియోలో కోటా పెట్టినందుకే పైకొచ్చినారంటారు, నిజమేనా? సౌండు సంగతి కూడా చెప్పండన్నా. మా దగ్గర ట్రాన్సిస్టర్ ఆంపు, ఒక ఓవర్‌డ్రైవ్ పెడల్ ఉండాయి.

బురుజు_కాడ (కర్నూలు)
కోటా మాట తీసెయ్ తమ్ముడూ. ఏఎం రేడియోలో 30 శాతం కెనడా పాటలుండాలనే రూలు అమలైంది 1971 జనవరి 18న. వీళ్ళ ‘దీజ్ ఐస్’ 1969లోనే అమెరికాలో 6వ స్థానానికి పోయింది.

నువ్వు పేరు కాడ మొదలుపెట్టు. కెనడాలోని విన్నిపెగ్ ఊర్లో వీళ్ళ మొదటి పేరు చాడ్ అలన్ అండ్ ది ఎక్స్‌ప్రెషన్స్. 1965లో ‘షేకిన్ ఆల్ ఓవర్’ రికార్డు చేసినారు. అప్పుడు రేడియోలో బ్రిటిష్ బ్యాండ్ల మోజు. కెనడా పిల్లోళ్ళంటే ఎవరూ వేయరని, వాళ్ళ రికార్డు కంపెనీ క్వాలిటీ రికార్డ్స్ వాళ్ళు రికార్డు మీద ‘గెస్ హూ?’ అని మాత్రం అచ్చేసి పంపినారు. పాట కెనడాలో మొదటి స్థానం, అమెరికాలో 22. అసలు పేరు బయటపెట్టినాక కూడా రేడియోవాళ్ళు గెస్ హూ అనే పిలిచినారు. అంటే ఆ పేరు కంపెనీ అంటించింది, వీళ్ళు పెట్టుకున్నది కాదు. తర్వాత కోర్టు దాకా పోయింది ఈ పేరే.

1966లో చాడ్ అలన్ తప్పుకున్నాడు, పాడే పని బర్టన్ కమ్మింగ్స్ మీద పడింది. 1967లో లండన్ పోయి అప్పులతో తిరిగొచ్చినారు. నిర్మాత జాక్ రిచర్డ్‌సన్ సొంతిల్లు తాకట్టు పెట్టి న్యూయార్క్‌లో ‘వీట్‌ఫీల్డ్ సోల్’ రికార్డు చేయించకపోతే కథ ఆడికే అయిపోయేది. ‘దీజ్ ఐస్’ ఆ ఆల్బంలోదే.

దేవునికడప (కడప)
బాక్మన్ పోవడానికి డబ్బు గొడవ వెతకొద్దు. ఆయన మార్మన్ మతం తీసుకున్నాడు. మందు, మత్తు రెండూ ముట్టడు. మిగతావాళ్ళ టూరు బతుకు దానికి పూర్తిగా ఎదురు. పైగా పిత్తాశయం జబ్బు. 1970 మే 16న న్యూయార్క్ ఫిల్‌మోర్ ఈస్ట్‌లో చివరిసారి వాయించి ఇంటిదారి పట్టినాడు. ఆ ఒక్క గిటారు జాగాలోకి ఇద్దరొచ్చినారు: కర్ట్ వింటర్, గ్రెగ్ లెస్క్యూ.

‘బాక్మన్ పోయినాక బ్యాండు కూలింది’ అని మాత్రం చెప్పొద్దు, తప్పు. ‘షేర్ ది ల్యాండ్’ ఆయన లేకుండానే వచ్చింది. ‘క్లాప్ ఫర్ ది వుల్ఫ్‌మన్’ 1974లో మళ్ళీ 6వ స్థానం. కానీ బేసిస్టు జిమ్ కేల్ 1972లోనే పోయినాడు. 1974లో డొమెనిక్ ట్రాయానో వచ్చి సంగీతాన్ని జాజ్ వైపు లాగినాడు. మొదటి హిట్ల నాటి వాళ్ళలో కమ్మింగ్స్, డ్రమ్మర్ గ్యారీ పీటర్సన్ ఇద్దరే మిగిలినారు. కమ్మింగ్స్ సోలోకు పోవడంతో 1975లో ముగిసింది. అటు బాక్మన్ పెట్టిన బాక్మన్-టర్నర్ ఓవర్‌డ్రైవ్ 1974 నవంబరులో అమెరికాలో మొదటి స్థానం కొట్టింది. ఆ పేరులో ఓవర్‌డ్రైవ్ అనేది పెడల్ కాదు, లారీ డ్రైవర్ల పత్రిక పేరు.

వాల్వు_మెకానిక్ (ప్రొద్దుటూరు)
సౌండు నేను చెప్తా. ఆ సాగే గిటారు వెనక ఉండేది విన్నిపెగ్‌లో గార్ గిల్లీస్ కట్టిన గార్నెట్ ‘హెర్జాగ్’ డబ్బా. లోపల ఒక 12ఏఎక్స్7, ఒక 6వి6 వాల్వు (పాత రేడియోల్లో ఉండే గాజు గొట్టాలు). చూస్తే చిన్న ఆంపే, కాకపోతే స్పీకర్ బదులు లోడ్ రెసిస్టరు. వాల్వులను గొంతు చించుకునేదాకా నూకి, అందులోంచి కొంచెం సిగ్నల్ తీసి పెద్ద ఆంపుకు ఇస్తారు. అందుకే తక్కువ సౌండులో కూడా నోటు చావదు.

మీకు: ఆంపు క్లీన్ చానల్, పెడల్ డ్రైవ్ ముప్పాతిక, గిటారు టోన్ నాబు 3 లేక 4, మెడవైపు పికప్. ట్రెబుల్ పెంచితే తేనెటీగ మోత వస్తుంది. ఎవరన్నా నిజం హెర్జాగ్ చూసి కట్టబోతే లోడ్ లేకుండా ఆన్ చేయొద్దు, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కాలుతుంది. కెనడా నుంచి తెప్పించిన పాత ఆంపు 120 వోల్టులది. మన 230కి నేరుగా పెడితే పొగే. స్టెప్‌డౌన్ పెట్టినా 60 హెర్ట్జ్‌కు చుట్టిన ట్రాన్స్‌ఫార్మర్ మన 50లో ఎక్కువ వేడెక్కుతుంది. ఫెస్టు ఎండాకాలంలో అయితే గిటారు ఇరవై నిమిషాల ముందే స్టేజీ మీద పెట్టి అప్పుడు ట్యూన్ చేయండి. ఏసీ గదిలో చేసి తెస్తే తీగ వదులై శ్రుతి దిగుతుంది.

మీరెత్తుకున్న పాట కూడా ట్యూనింగ్‌లో పుట్టిందే. ఒంటారియోలో ఒక కర్లింగ్ రింకు (మంచు మీద రాయి జార్చే ఆట ఆడే హాలు) కచేరీలో తీగ తెగితే, బాక్మన్ కొత్తది ఎక్కించి శ్రుతి చేస్తా వాయించిన ముక్క అది. పాట మీద నలుగురి పేర్లూ ఉన్నాయి.

అనంత_బేస్
పెడల్ సంగతి అర్థమయింది. పేరు గొడవ మిగిలింది.

బురుజు_కాడ
బ్యాండు మూసినాక పేరును ఎవరూ పట్టించుకోలేదు. 1970ల చివర్లో జిమ్ కేల్ ఆ పేరుతో కచేరీలు మొదలుపెట్టినాడు, తర్వాత అమెరికాలో ట్రేడ్‌మార్కు కూడా తీసుకున్నాడు. 2023లో కమ్మింగ్స్, బాక్మన్ కేల్ మీద, ఆయనతో ఆ పేరు వాడుకున్న పీటర్సన్ మీద కేసు వేసినారు. కమ్మింగ్స్ అయితే కేల్ గుంపు తన పాటలు వాయించకుండా, కచేరీలో పాడే లైసెన్సులే వెనక్కి తీసుకున్నాడు. 2024లో రాజీ కుదిరి పేరు కమ్మింగ్స్, బాక్మన్ ఇద్దరికీ వచ్చింది.

దేవునికడప
స్టేజీ మీద ‘అమెరికాలో మొదటి స్థానం కొట్టిన మొదటి కెనడా బ్యాండు’ అనకు, ‘హాట్ 100లో’ (బిల్‌బోర్డ్ పత్రిక పాటల జాబితా) అని చేర్చు. టొరంటో వాళ్ళు క్రూ-కట్స్ 1954లోనే మొదటి స్థానంలో ఉండినారు, హాట్ 100 మొదలైంది 1958లో.