తాతగారి వెబ్లీ స్కాట్ డబుల్ బ్యారెల్‌కి సరైన ధర ఎంత?

అందరికీ నమస్కారం. మా తాతగారిది 12 బోర్ డబుల్ బ్యారెల్ తుపాకీ ఉంది, బర్మింగ్‌హామ్‌లో చేసిన వెబ్లీ అండ్ స్కాట్. ఆయన పోయాక లైసెన్సున్న ఆయుధాల షాపులో డిపాజిట్ చేశాం. వారసుడిగా పెదనాన్న తీసుకుందామంటే ఆయనకి ఇప్పటికే రెండున్నాయి. 2019 చట్ట సవరణ తర్వాత మనిషికి రెండుకి మించి కుదరదు కదా. అందుకని లైసెన్సు ఉన్నవాళ్లకే, పద్ధతి ప్రకారం అమ్మాలనుకుంటున్నాం.

షాపాయన చెప్పిన ధర వింటే మనసు చివుక్కుమంది. విదేశీ తుపాకుల దిగుమతి ఆగి దశాబ్దాలైంది, అలాంటప్పుడు పాత ఇంగ్లీషు తుపాకీకి ఇంకాస్త రావాలి కదండీ?

గొట్టాలు విప్పితే అడుగున కిరీటం, దాని కింద ‘ఎన్‌పీ’ అని ముద్ర ఉంది. అంటే పొగరాని తుపాకీ మందుకి తట్టుకుంటుందని పరీక్ష చేసినదేనని తెలుసు. లోపల అద్దంలా ఉంది, తుప్పు గుంటలు లేవు. మూసి పట్టుకుని ఊపితే గొట్టాల దగ్గర కదలిక లేదు. భుజానికి ఆనించే బట్ చెక్క మీద మాత్రం గీతలున్నాయి, ట్రిగ్గర్ దగ్గర లోహం మీది నల్ల పూత పోయింది. చాంబర్ (గొట్టంలో తూటా కూర్చునే చోటు) రెండున్నర అంగుళాలదైతే అంతకంటే పొడవైన ఇప్పటి 70 మి.మీ. తూటాలు వాడకూడదు, దానివల్ల ధర బాగా పడిపోతుందా?

కొత్తగా నలుపు వేయించి, చెక్క పాలిష్ పట్టిస్తే మంచి ధర వస్తుందని ఒకాయన అన్నారు. పాత మెరుగు పోతే విలువే పోతుందని నా భయం. ఈ మధ్య ఇలాంటిది కొన్నవాళ్లు, అమ్మినవాళ్లు ఉంటే ఎంతకి తెగిందో దయచేసి చెప్పండి. షాపుతో సంబంధం లేకుండా చూసి వెలకట్టే గన్‌స్మిత్ ఆంధ్రాలో గానీ హైదరాబాద్‌లో గానీ ఉన్నారా?