కరిగించిన స్ప్రూతో విడిభాగాలు పోయవచ్చా, సందులు పూడ్చడానికే అది పరిమితమా?

సన్నరెక్క:
ప్లాస్టిక్ మోడల్ కిట్ కట్టాక మిగిలే స్ప్రూను, అంటే భాగాలను పట్టి ఉంచిన చట్రాన్ని, ముక్కలు చేసి ద్రావణిలో నానబెడితే చిక్కటి ముద్ద తయారవుతుందని మోడళ్లు కట్టేవాళ్లలో చాలామందికి తెలుసు. అతుకుల దగ్గర సందులు పూడ్చడానికి దాన్ని వాడుతూనే ఉన్నాం. నా వాదన అక్కడితో ఆగదు. దాన్నే సిలికాన్ అచ్చులో నింపి, పోగొట్టుకున్న భాగాలనూ కిట్‌లో అసలు లేని భాగాలనూ చేసుకోవచ్చు. ఆరాక చేతికి వచ్చేది పుట్టీ కాదు, కిట్‌లో ఉన్న పాలిస్టైరీన్ ప్లాస్టికే. మామూలు మోడల్ జిగురుతోనే అతుక్కుని ఒకటైపోతుంది. ఆకురాయికి పక్కనున్న ప్లాస్టిక్ ఎలా లొంగుతుందో ఇదీ అలాగే లొంగుతుంది. ఎపాక్సీ పుట్టీతో చేసిన భాగానికి సూపర్ గ్లూ కావాలి, పైగా రేకుల అతుకుల్లా కనిపించే ప్యానెల్ గీత గీస్తుంటే రెండు పదార్థాలు కలిసే చోట గీసే మొన దారి తప్పుతుంది. ఇన్ని సుగుణాలున్నా ముద్ద సందులకే పనికొస్తుందని ఎందుకు కొట్టిపారేస్తున్నారు?

ఘనమూలం:
కొట్టిపారేయడం కాదండీ, లెక్క అలా ఉంది. అచ్చులోకి జారేంత పలుచని ముద్దలో ఘనపరిమాణం ప్రకారం మూడో వంతు ప్లాస్టిక్ ఉందనుకుందాం. తక్కిన రెండు వంతులూ ఆవిరై పోవలసిందే. అడ్డేమీ లేకుండా అన్ని వైపులా కుంచించుకుపోతే 10 మి.మీ. పొడవు 6.9 మి.మీ.కి వస్తుంది. ఎపాక్సీ గానీ పాలీయురేథేన్ రెజిన్ గానీ గట్టిపడేది రసాయన చర్యతో. వాటిలోంచి బయటికి పోవలసింది దాదాపు ఏమీ ఉండదు కనుక కొలత నిలబడుతుంది. 1/72 స్కేలు (అసలు దానిలో 72వ వంతు) విమానానికి ఇంజిన్ కవచం ముద్దతో పోసి చూడండి, పక్కనున్న బాడీతో దాని వ్యాసం కలిస్తే నేను నోరు మూసుకుంటాను.

ఆకురాయి:
లెక్క సరైనదే, కానీ అది గాలిలో వేలాడే ముద్దకు. పైన తెరిచి ఉన్న ఒంటిపక్క అచ్చులో ముద్ద అడుగునూ గోడలనూ పట్టుకుని ఆరుతుంది. పొడవు వెడల్పులు అంతగా మారవు, మందమే తగ్గుతుంది. 1 మి.మీ. లోతున్న గుంటను నింపితే సుమారు 0.33 మి.మీ. పొర మిగులుతుంది. ఖాళీని మళ్లీ నింపితే 0.55, మూడోసారికి 0.7. కొత్త పొర కింది పొరను కాస్త కరిగించి దానిలో కలిసిపోతుంది కాబట్టి పొరలు విడిపోతాయన్న భయం లేదు.

1/35 ట్యాంకు మీద పనిముట్లను పట్టి ఉంచే గొళ్లేన్నే తీసుకోండి. దాని మొదటి పొరను పోయకూడదు, పూయాలి. టూత్‌పిక్ మొనతో చిన్న చుక్క తీసుకుని, గొళ్లెం నాలుక పడే మూలలోకి నెట్టాలి. అచ్చును రెండు వేళ్లతో కొంచెం వంచి వదిలితే అక్కడ ఇరుక్కున్న బుడగ పైకి తేలి పగులుతుంది. దానిమీద పలుచగా మరో రెండు పూతలు. గోరుతో నొక్కినప్పుడు గుర్తు పడుతుంటే ఇంకా ఆరనట్టే, అప్పుడు అచ్చులోంచి లాగితే నాలుక సాగిపోతుంది. ఓపిక పడితే మాత్రం అసలు దానికీ దీనికీ తేడా కనిపెట్టడం కష్టం.

ఘనమూలం:
కింది పొరను కరిగించడం మంచిదంటున్నారు, నాకు అదే ఇబ్బందిగా కనిపిస్తోంది. ఆరిన పొర మళ్లీ ద్రావణిని పీల్చి ఉబ్బుతుంది. ద్రావణి బయటపడటానికి పట్టే సమయం సుమారుగా మందం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 0.5 మి.మీ. పొర కంటే 3 మి.మీ. భాగం 36 రెట్లు ఎక్కువ సేపు ఆరాలి. ఈలోగా పైన తోలు కట్టి అంతా గట్టిపడినట్టే ఉంటుంది, రంగు వేశాక మెల్లగా కుంగుతుంది. గొళ్లేల వరకూ మీ మాట ఒప్పుకుంటాను. చక్రాలకూ, ట్యాంకు పైన తిరిగే టరెట్‌లకూ ఒప్పుకోను.

కిటికీపక్క:
మీరిద్దరూ అది ఏ ద్రావణో చెప్పనే లేదు, తగవులో సగం అక్కడే ఉంది. వట్టి అసిటోన్‌లో పాలిస్టైరీన్ సరిగా కరగదు, ఉబ్బి బంకలా సాగుతుంది. పైగా అసిటోన్ చప్పున ఎగిరిపోతుంది కాబట్టి పైపొర ముందే బిగుసుకుని లోపలి ఆవిరి బుడగలుగా చిక్కుకుంటుంది. బ్యూటైల్ ఎసిటేట్ నెమ్మదిగా పోతుంది, బుడగలు తేలడానికి వ్యవధి దొరుకుతుంది. తమియా ఎక్స్‌ట్రా థిన్ అనే మోడల్ జిగురులో ఈ రెండూ ఉంటాయి. ఎంఈకే (మిథైల్ ఇథైల్ కీటోన్) అనే ద్రావణి చక్కగా కరిగిస్తుంది, ఘాటూ ఎక్కువే.

అసిటోన్ ఆవిరి −20 డిగ్రీల సెల్సియస్ దగ్గరే నిప్పు అందుకోగలదు. గాలి కంటే బరువు కాబట్టి బల్ల మీంచి దిగి నేల వెంబడి పాకుతుంది. కిటికీ తెరిచి, దరిదాపుల్లో మంటా నిప్పురవ్వా లేకుండా చేయండి. నైట్రైల్ చేతితొడుగులను నమ్ముకోవద్దు, అసిటోన్ వాటిని నిమిషాల్లో దాటుతుంది, బ్యూటైల్ రబ్బరువి కావాలి. ముద్దను గాజు సీసాలో, లోహపు మూతతో ఉంచండి. పొరలు పొరలుగా పోసి రోజుల తరబడి ఆరబెట్టే పని పడకగదిలో వద్దే వద్దు.

మిగులుపెట్టె:
వృథా తగ్గుతుందని కూడా కొందరు దీన్ని మెచ్చుకుంటారు. నాకు ఆ మాట మింగుడుపడదు. గుప్పెడు స్ప్రూను కాపాడటానికి అంతకు రెట్టింపు ద్రావణిని గాలిలోకి వదులుతున్నాం. బందాయ్ నామ్కో సంస్థ 2021లో జపాన్‌లో గన్‌ప్లా (గుండమ్ రోబో మోడళ్ల) రన్నర్లను, అంటే స్ప్రూ చట్రాలను, పెట్టెల్లో సేకరించి మళ్లీ వాడుకునే పథకం మొదలుపెట్టింది, అది వేరే స్థాయి సంగతి. భాగం కావాలంటే పోసుకోండి, పుణ్యం ఖాతాలో మాత్రం రాయకండి. ఇంకొక మాట: సీసాలో కనిపించిన ముక్కనల్లా వేయకండి. మెత్తటి వినైల్ టైర్లు, కీళ్లలో వేసే మెత్తటి పాలీక్యాప్‌లు, క్రోమ్ పూత ఉన్న ముక్కలు పడితే ముద్ద పాడవుతుంది.

సన్నరెక్క:
పుణ్యం సంగతి వదిలేద్దాం, నేను దాని కోసం వాదించడం లేదు. మందపు భాగాల మీద ఘనమూలం గారి అభ్యంతరానికి మాత్రం జవాబుంది. భాగమంతా ముద్దతోనే ఎందుకు నింపాలి? ముందు అచ్చు గోడలకు ముద్ద పూసి, మధ్యలో స్టైరీన్ పలక ముక్కనో స్ప్రూ దుంగనో అరగదీసి కూర్చోబెడితే, ఆరవలసింది దాని చుట్టూ ఉన్న పలుచటి పొరే. పనిముట్ల పెట్టెలకూ ఇంధన ట్యాంకులకూ ఇది హాయిగా సరిపోతుంది. చక్రానికి లోపల గుండ్రటి బిళ్ల వేయవచ్చు.

ఘనమూలం:
పెట్టెలకు సరే. చక్రానికైతే బిళ్ల ఇసుమంత పక్కకు జరిగినా పొర ఒకవైపు మందంగా, ఒకవైపు పలుచగా ఆరి అంచు గుంట పడుతుంది. బిళ్ల మధ్యలో రంధ్రం చేసి, అచ్చు ఇరుసు దగ్గర పిన్ను నిలిపి దానికి గుచ్చితే జరగకుండా ఉండవచ్చు. మీరు చేస్తే ఆరిన మర్నాడొకసారి, నెల తర్వాత ఒకసారి కాలిపర్‌తో వ్యాసం కొలిచి రెండు అంకెలూ ఇక్కడ పెట్టండి.