32 జీబీ ర్యామ్ ఉన్నా స్వాప్ ఉంచుకోవాలా?

కొత్త_ల్యాప్‌టాప్:
అందరికీ నమస్తే. కొత్త ల్యాప్‌టాప్ తీసుకున్నా, 32 జీబీ ర్యామ్, ఉబుంటు 24.04 (లైనక్స్) వేశా. మెమరీ వాడకం చూపే ఫ్రీ కమాండ్ కొడితే 18 జీబీ అవైలబుల్ అంటోంది, అయినా స్వాప్‌లో (ర్యామ్‌లోని డేటాని పక్కన పెట్టడానికి డిస్క్ మీద ఉంచే చోటు) 600 ఎంబీ వాడేసింది. ఇంత ర్యామ్ పెట్టుకుని డిస్క్ మీదకి ఎందుకు పోతోందో అర్థం కావట్లేదు. ఎస్ఎస్‌డీ అరిగిపోద్ది, స్వాప్ తీసెయ్ అంటున్నాడు మా రూమ్మేట్. తీసెయ్యొచ్చా?

బెజవాడ_పెంగ్విన్:
తీసెయ్ బ్రో. నాది కూడా 32, స్వాప్ ఆపేసి రెండేళ్లయింది, ఏం కాలేదు. అది 2 జీబీ ర్యామ్ రోజుల నాటి మాట.

సర్వర్_రూమ్:
తొందరపడి తీసెయ్యకండి. ర్యామ్ నిండాక వాడుకునే ఎక్స్‌ట్రా ర్యామే స్వాప్ అనుకుంటాం కానీ దాని అసలు పని వేరే. మెమరీలో రెండు రకాల పేజీలు (మెమరీని విడగొట్టే చిన్న ముక్కలు) ఉంటాయి, ఒకటి ఫైల్ నుంచి చదివినవి, అంటే ప్రోగ్రామ్ కోడ్, లైబ్రరీలు ఇలాంటివి, వీటిని ఎప్పుడైనా పడేసి మళ్ళీ డిస్క్ నుంచి చదువుకోవచ్చు. రెండోది ప్రోగ్రామ్ తనకోసం అడిగి తీసుకున్న మెమరీ, దానికి డిస్క్ మీద కాపీ ఉండదు, స్వాప్ లేకపోతే వారం నుంచి ముట్టుకోకపోయినా ర్యామ్‌లోనే కూర్చోవాలి. ఇంట్లో అటక లేకపోతే పండక్కి తప్ప దించని ఇత్తడి బిందెలు కూడా వంటింట్లోనే ఉంటాయి కదా, అలాగన్నమాట.

మెమరీ నిజంగా టైట్ అయినప్పుడు ఏమవుద్దంటే, స్వాప్ లేదు కాబట్టి కెర్నల్ (సిస్టమ్‌లో మెమరీని పంచే అసలు ప్రోగ్రామ్) ఆ మొదటి రకం పేజీలనే పీకుతుంది, అంటే ఇప్పుడు నడుస్తున్న ప్రోగ్రామ్ కోడ్‌నే పడేసి మరుక్షణం మళ్ళీ చదువుతుంది. నాకు ఇదే అయింది. స్వాప్ లేకుండా పెద్ద సీ ప్లస్ ప్లస్ ప్రాజెక్ట్ బిల్డ్ పెట్టా, చివర్లో ముక్కల్ని కలిపే లింకింగ్ దగ్గర మౌస్ కూడా కదల్లేదు, డిస్క్ లైట్ ఆగకుండా వెలుగుతూనే ఉంది, చాలాసేపటికి, మెమరీ అయిపోతే ఏదో ఒక ప్రోగ్రామ్‌ని చంపే ఓఓఎం కిల్లర్ లేచి బ్రౌజర్‌ని చంపింది, అందులో సగం టైప్ చేసిన మెయిల్ పోయింది. అప్పటినుంచి 8 జీబీ స్వాప్‌ఫైల్ లేకుండా ఏ మెషీనూ వదల్లేదు.

మీ 600 ఎంబీ గురించి కంగారొద్దు. ఏదో ఒక టైంలో పెద్ద ఫైల్ కాపీ లాంటిది నడిచినప్పుడు అటకెక్కిన పేజీలు అవి, ఎవరూ అడగలేదు కాబట్టి అక్కడే ఉన్నాయి. టెర్మినల్‌లో వీఎంస్టాట్ 1 అనే కమాండ్ కొట్టి ఎస్ఐ (స్వాప్ నుంచి చదివింది), ఎస్ఓ (స్వాప్‌లోకి రాసింది) కాలమ్స్ చూడండి, సున్నాలుంటే స్వాప్ వల్ల ఎస్ఎస్‌డీ మీద ఏమీ రాయట్లేదని అర్థం. ఆగకుండా వందలూ వేలూ కనబడుతుంటేనే ఆలోచించాలి.

బెజవాడ_పెంగ్విన్:
మరి కుబర్నెటీస్ (చాలా సర్వర్ల మీద ప్రోగ్రామ్‌లు నడిపే సాఫ్ట్‌వేర్) సర్వర్లలో స్వాప్ ఆపమంటారు కదా అన్నా? పోనీ స్వాపీనెస్ అనే సెట్టింగ్ 10 పెడితే చాలదా, 90 శాతం నిండాకే వాడుకుంటుంది.

సర్వర్_రూమ్:
అక్కడ లెక్క వేరు తమ్ముడూ, ఒక్కో పాడ్‌కి (అక్కడ నడిచే ప్రోగ్రామ్‌ల కట్టకి) ఇంత మెమరీ అని కొలిచి ఇస్తారు, దాటితే చంపేసి ఇంకోటి లేపుతారు. నీ బ్రౌజర్‌ని అలా చంపితే నువ్వు ఊరుకోవు. స్వాపీనెస్ శాతం కాదు, చాలామంది ఇక్కడే పొరబడతారు. పైన చెప్పిన రెండు రకాల్లో దేన్ని ముందు తియ్యాలో చెప్పే మొగ్గు అది, డిఫాల్ట్ 60, కెర్నల్ 5.8 నుంచి 200 దాకా పెట్టుకోవచ్చు. డిస్క్ మీదకి అస్సలు పోకూడదంటే జీర్యామ్ పెట్టుకో, పేజీల్ని కంప్రెస్ చేసి ర్యామ్‌లోనే ఉంచుతుంది, ఫెడోరా లైనక్స్ 33 నుంచి డిఫాల్ట్‌గా అదే ఇస్తోంది.

కొత్త_ల్యాప్‌టాప్:
చూశా అండి, రెండు కాలమ్సూ సున్నాలే! ఉంచేస్తున్నా. మా దగ్గర కరెంట్ పోతూ ఉంటుంది, హైబర్నేట్ (ర్యామ్‌లో ఉన్నదంతా డిస్క్‌లో దాచి మెషీన్ ఆపడం) కూడా కావాలి, దానికి ఎంత పెట్టాలి?

సర్వర్_రూమ్:
దానికి మాత్రం ర్యామ్ అంత పెట్టుకుంటే నిశ్చింత, అంటే 32 జీబీ. జీర్యామ్ అక్కడ పనికిరాదు, కరెంట్‌తో పాటే పోతుంది. ఇంకోటి, బయోస్‌లో సెక్యూర్ బూట్ (నమ్మకమైన సిస్టమ్‌నే మొదలవనిచ్చే రక్షణ) ఆన్‌లో ఉంటే ఉబుంటు కెర్నల్ హైబర్నేట్‌ని ఒప్పుకోదు, ముందు అది చూసుకుని తర్వాత స్వాప్‌ఫైల్ సైజు పెంచండి.