ఖాళీ సైటులో తీగ మీద ఎర్ర కొమ్ముల పురుగులు, ఎలా కాపాడాలి?

ప్రశ్న (కె.ఆర్.పురం, బెంగళూరు)
అందరికీ నమస్కారం. మా అపార్ట్‌మెంట్ పక్కన ఖాళీ సైటు కంచె మీద ఒక తీగ అల్లుకుంది. రెండేళ్లుగా దాని చుట్టూ నల్ల సీతాకోకచిలుకలు తిరుగుతున్నాయి, ముందు రెక్కల మీద తెల్ల పట్టీలు, వెనక రెక్కల మీద ఎర్ర చుక్కలు. ఈ వారం ఆకుల మీద ముదురు రంగు పురుగులు కూడా కనిపించాయి, ఒంటి నిండా మెత్తటి ఎర్ర కొమ్ములు. వచ్చే నెల పునాది తీస్తారట. వీటిని తెచ్చి బాల్కనీలో కరివేపాకు మీద వదిలితే బతుకుతాయా? మా పాప రోజూ వెళ్లి లెక్కపెడుతోంది, నాకేమో టెన్షన్‌గా ఉంది.

జవాబు 1
అక్కా, కరివేపాకు మీద మాత్రం వద్దు, ఆకలికి చచ్చిపోతాయి. ఎగిరేవాటి ఒళ్లు ఏ రంగో చూడండి. ఎర్రగా ఉంటే క్రిమ్సన్ రోజ్. నల్లగా ఉంటే కామన్ మార్మన్ ఆడది, అది అచ్చం దీని వేషమే వేస్తుంది, కరివేపాకూ నిమ్మాకూ తినేవి దాని పిల్లలు. పురుగులను బట్టి చూస్తే మీ తీగ ఈశ్వరి అయ్యుండాలి, మాలికి 'ఈశ్వరి బళ్ళి' అని చెప్పండి. ఆ ఆకులోని విషాన్ని ఒంట్లో దాచుకునే ఇవి పక్షుల నుంచి తప్పించుకుంటాయి, అందుకే పురుగు దశలో వేరే ఆకు ముట్టవు. అది మన కిడ్నీలకు చాలా చెడ్డది, పాప నోట్లో పెట్టుకోకుండా చూడండి.

జవాబు 2
మా లేఅవుట్ గోడకి ఈ తీగే పెంచాం. పోయినేడు పురుగుల మందు కొట్టించారు, మర్నాడు చూస్తే ఆకుల కింద అన్నీ ముడుచుకుపోయి వేలాడుతున్నాయి, ఇప్పటికీ బాధగానే ఉంది. ఇప్పుడు ఆ మూల మందు కొట్టనివ్వం. మీరు ఎండిన కాయలు కోసుకోండి, పగిలాక ఉట్టిలా తలకిందులుగా వేలాడతాయి, లోపల పల్చటి గింజలుంటాయి. దగ్గర్లో నూరువరహాలు నాటితే పెద్దవాటికి తేనె దొరుకుతుంది.

జవాబు 3
నర్సరీలో డచ్‌మన్స్ పైప్ అని పెద్ద మచ్చల పూల తీగ అమ్ముతారు, ఈశ్వరి జాతే కదా అని కొనకండి. ఆస్ట్రేలియాలో రిచ్‌మండ్ బర్డ్‌వింగ్ సీతాకోకచిలుకలు అలాంటి తీగ మీదే గుడ్లు పెట్టి మోసపోయాయి, పుట్టిన పురుగులు ఆ ఆకు తిని చనిపోయేవి. అక్కడ ఊరూరా దాన్ని పీకేసి అసలు తీగ నాటారు.

అడిగినవారు
పొద్దున్నే చూశాను, ఒళ్లు ఎర్రగానే ఉంది! ఓనర్ గారితో మాట్లాడితే కంచె వైపు చివర్లో తవ్విస్తామన్నారు. ఆదివారం కాయలు కోస్తాను. వేరుతో సహా తవ్వి కుండీలోకి మార్చినవాళ్లు ఎవరైనా ఉన్నారా, ఎంత లోతు తవ్వాలి?