1967 బీటిల్ ముందు చక్రం: పాత బేరింగులు, సీలు తీసే పద్ధతి

ప్రశ్న

అందరికీ నమస్కారం. నేను అమెరికాలో ఉంటున్నాను. 1967 నాటి ఫోక్స్‌వాగన్ బీటిల్‌ను మళ్లీ రోడ్డెక్కించే పనిలో ఉన్నాను. కుడివైపు మలుపు తిరిగినప్పుడల్లా ఎడమ ముందు చక్రం నుంచి వచ్చే గుర్రుమనే శబ్దం పెరుగుతోంది కనుక, ఆ వైపు బేరింగే అరిగిందని అనుకుంటున్నాను. హబ్బులో (బ్రేకు డ్రమ్ము మధ్య భాగంలో) బిగిసి ఉన్న బేరింగు కప్పులనూ (బేరింగు బయటి ఉంగరాలనూ), వెనుకవైపు ఆయిల్ సీలునూ, డ్రమ్ముకు గానీ స్టబ్ యాక్సిల్‌కు (చక్రం తిరిగే పొట్టి ఇరుసుకు) గానీ గాయం కాకుండా ఎలా తీయాలో తెలిసినవారు దయచేసి వివరించగలరు. నా దగ్గర హైడ్రాలిక్ ప్రెస్సు లేదు.

మొదటి సమాధానం

మీ అనుమానం సబబే. కుడికి తిరిగేటప్పుడు బరువంతా ఎడమ చక్రం మీద పడుతుంది. అయితే బీటిల్‌లో ఎడమ చక్రం విప్పేవారు రెండు విషయాలు ముందే తెలుసుకోవాలి. స్పీడోమీటరు కేబులు ఆ స్టబ్ యాక్సిల్ మధ్య నుంచి వచ్చి, గ్రీజు మూతకున్న నలుచదరపు రంధ్రంలో కూర్చుంటుంది కాబట్టి, దాని కొసన ఉన్న చిన్న క్లిప్పును తీసిన తరువాతే మూతను కదపాలి. ఇక ఆ వైపు బేరింగును పట్టి ఉంచే నట్టుకు ఎడమ మర (మామూలుకు వ్యతిరేక దిశలో తిరిగే మర) ఉంటుంది. ఆ నట్టును బిగించి ఉంచే అలెన్ స్క్రూను వదులు చేసి, నట్టును గడియారం ముల్లు తిరిగే దిశలో తిప్పితేనే ఊడుతుంది. కదలడం లేదని పానాకు పైపు తొడిగి ఎదురు దిశలో బలం ప్రయోగిస్తే మరలు పోతాయి.

డ్రమ్ము రాకపోతే, బ్రేకు షూలు దాని నుంచి దూరం జరిగేలా బ్రేకు అడ్జస్టర్లను వెనక్కి తిప్పండి. పాత లైనింగులలో ఆస్‌బెస్టాస్ ఉండే అవకాశం ఉంది కనుక లోపలి ధూళిని గాలితో ఊదవద్దు, తడిగుడ్డతో తుడవండి.

రెండో సమాధానం

విజయవాడ ఆటోనగర్‌లో చాలాకాలం లారీ హబ్బుల పని చేశాను. 1966 మోడలు నుంచి బీటిల్ ముందు చక్రాలకూ టేపర్ రోలర్ (ఏటవాలు రోలర్ల) బేరింగులే కాబట్టి పద్ధతి ఒకటే.

సీలును ఎలాగూ మళ్లీ వాడకూడదు, వంగినా ఫరవాలేదు. కానీ దాన్ని పెకలించే పనిముట్టు మొన హబ్బు గోడను గీరితే కొత్త సీలు పక్క నుంచి గ్రీజు కారి బ్రేకు లైనింగుల మీదికి చేరుతుంది. సీలు తీశాక లోపలి బేరింగు చేతికే వస్తుంది. తరువాత కప్పు వెనుక అంచు కనబడే చోట మెత్తని ఇత్తడి కడ్డీ ఆనించి, ఒక దెబ్బ ఇటు, ఒక దెబ్బ దానికి ఎదురుగా అటు వేస్తూ రావాలి. ఒకేవైపు కొడితే కప్పు ఏటవాలుగా ఇరుక్కుని, ప్రతి దెబ్బకూ హబ్బును కోస్తుంది. సుత్తి శబ్దం మారినా, కప్పు కదలకపోయినా వెంటనే ఆగి, హబ్బును బయటివైపు హీట్ గన్నుతో సమంగా వేడి చేసి మళ్లీ ప్రయత్నించండి.

లోపలి బేరింగు కోను (లోపలి ఉంగరం) స్టబ్ యాక్సిల్ మీదే పట్టుకుని ఉండిపోతే పుల్లరుతో లాగండి. ఉలితో మాత్రం కొట్టవద్దు. బేరింగు కొత్తది దొరుకుతుంది, గాటు పడిన యాక్సిల్ మళ్లీ పాతది కాదు.

తీసిన బేరింగును పారేయకుండా కిరోసిన్‌లో కడిగి చూడండి. కప్పు లోపల చిన్న గుంటలు ఉంటే అలసట వల్ల లోహం పొర రాలినట్టు, నీలిరంగు తిరిగి ఉంటే గ్రీజు లేక వేడెక్కినట్టు. అది చూస్తే శబ్దానికి అసలు కారణం తెలుస్తుంది.

ప్రశ్న వేసినవారి స్పందన

ఇద్దరికీ కృతజ్ఞతలు. సీలు, లోపలి కప్పు మీరు చెప్పినట్టే వచ్చాయి. కానీ బయటి కప్పు ఒక్క దెబ్బకే జారి వచ్చింది. అది కూర్చున్న చోట హబ్బు గోడ చుట్టూ అద్దంలా మెరుస్తోంది. ఇది మామూలేనా?

రెండో సమాధానమిచ్చినవారు

మామూలు కాదు. ఆ కప్పు హబ్బులో బిగువు తప్పి తిరిగింది. కొత్త కప్పును అక్కడ పెట్టి చూడండి; చేత్తో నొక్కితే దిగిపోతే ఆ డ్రమ్మునే మార్చాలి. కొందరు గోడ మీద సెంటర్ పంచ్‌తో చుక్కలు పొడిచి కప్పును నిలబెడతారు. బరువు పడగానే ఆ చుక్కలు అణిగి కప్పు మళ్లీ తిరుగుతుంది, అందులోనూ ఇది ముందు చక్రం. బిగింపు పూర్తయ్యాక చక్రంలో 0.03 నుంచి 0.12 మిల్లీమీటర్ల వరకు ఆట (లోపలికీ బయటికీ కదిలే కొద్దిపాటి వదులు) ఉండాలి. దాన్ని డయల్ గేజుతో కొలవండి, అంతకంటే బిగిస్తే కొత్త బేరింగులూ వేడెక్కుతాయి.